తాగి దొరికాక లైసెన్సు మళ్లీ చేతికి రావాలంటే

"పూర్తిగా వద్దు సార్, డ్యూటీకి వెళ్లిరావడానికి మాత్రం ఇప్పించండి" అని అడిగేవాళ్లు చాలామంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అలాంటి ఏర్పాటుంది. మద్యం కోర్సులో చేరి, ఊదితే తప్ప స్టార్టవని పరికరం బండికి బిగించుకుంటే పరిమిత లైసెన్సు ఇస్తారు. మన మోటారు వాహనాల చట్టంలో ఆ పేరుతో ఏదీ లేదు. అయితే దానికి దగ్గరి దారులు రెండున్నాయి, రెండూ ముందుగా సిద్ధపడిన వాళ్లకే పనికొస్తాయి.

దొరికిన రాత్రి నుంచి మొదలుపెడదాం. వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే సెక్షన్ 185 కింద కేసు. ఊదించిన మిషన్ చీటీ అడిగి తీసుకుని, అంకె, టైము చూసుకోండి. లైసెన్సు తీసుకుని రసీదిస్తారు. ఆ రసీదు చూపించి బండి నడపకూడదని చట్టంలోనే ఉంది. చలానా కట్టి వదిలించుకునే కేసుల జాబితాలోనూ 185 లేదు, కోర్టుకి వెళ్లాల్సిందే. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15 వేల జరిమానా, లేదా రెండూ.

ఆ తర్వాత రెండు వేర్వేరు ఆర్డర్లు రావచ్చు. వీటిని కలిపేసుకోవడం వల్లే ఎక్కువమంది దెబ్బతింటారు. ఆర్టీవో నోటీసిచ్చి, మీ మాట విని, మొదటి తప్పుకైతే మూడు నెలలు ఆపొచ్చు, రెండోసారైతే లైసెన్సు రద్దు చేయొచ్చు. దీని మీద అప్పీలుకి ఆర్డరు అందాక 30 రోజులే గడువు. కోర్టుది వేరు. తప్పు ఒప్పుకుని జరిమానా కట్టినా అది నేరం రుజువైనట్టే. 185లో అలా తేలితే కనీసం ఆరు నెలలు బండి నడపకుండా అనర్హత వేయాలని సెక్షన్ 20 చెబుతుంది. ఆర్టీవో మూడు నెలలు లెక్కపెట్టుకుని బండి బయటికి తీస్తారు, కోర్టు గడువేమో ఇంకా నడుస్తుంటుంది. అప్పుడు దొరికితే సెక్షన్ 182 కింద మూడు నెలల వరకు జైలు, లేదా 10 వేల జరిమానా, లేదా రెండూ. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఆఖరున ముగిసే తేదీ గోడ మీద రాసుకోండి.

మొదటి దారి ఇక్కడే ఉంది. అనర్హతని అన్ని బండ్లకీ కాకుండా ఒక తరగతికే పరిమితం చేసే అధికారం కోర్టుకుంది. ఆటో మీద బతికేవాళ్లు తీర్పు రాకముందే లాయరు చేత ఈ మాట అడిగించాలి. వచ్చాక అడిగితే చెయ్యి దాటిపోయినట్టే.

ఆర్టీవో ఆపిన లైసెన్సు గడువు అయిపోగానే దానంతటదే రాదు. డ్రైవర్ రిఫ్రెషర్ ట్రైనింగ్ పూర్తిచేస్తేనే తిరిగివ్వాలని 2019 సవరణ. లైసెన్సున్న స్కూల్లోనో, కేంద్రం నోటిఫై చేసిన సంస్థలోనో చేసిందే చెల్లుతుంది కాబట్టి, ఏ స్కూలు సర్టిఫికెట్ తీసుకుంటారో డబ్బు కట్టకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. గడువు చివరి వారంలో స్కూలు కోసం వెతికితే ఆ ఆలస్యం మీదే.

అయితే ఆ కోర్సు నేర్పేది డ్రైవింగు, మందు మానడం కాదు. దానికి శ్రీకాకుళం రిమ్స్‌లోనో, విజయనగరం ప్రభుత్వాసుపత్రిలోనో మానసిక వైద్యుణ్ణి కలవాలి. 14446కి ఫోన్ చేస్తే దగ్గర్లోని కేంద్రం చెబుతారు. ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్షలో 40కి 8, ఆపైన వస్తే తాగుడు హాని చేస్తున్నట్టు, 20, ఆపైన వస్తే బానిసై ఉండొచ్చని అనుకోవాలి. రోజూ తాగేవాళ్లు మాత్రం పట్టుదలకి పోయి ఇంట్లో ఒక్కసారిగా మానకూడదు. మొదటి రెండు రోజుల్లో వణుకు, ఫిట్స్, మూడో రోజుకి మతిభ్రమ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. డాక్టరు బి1 విటమిన్, నిద్ర మందులు ఇచ్చి దాటిస్తారు. ఇంట్లోవాళ్లు చెప్పకుండా కూరలో తాగుడు మాన్పించే మాత్ర కలపడం ఇంకో ప్రమాదం. డైసల్ఫిరామ్ అనే ఆ మాత్ర తిన్నవాళ్లు తాగితే బీపీ పడిపోతుంది, గుండెకి ముప్పు. ఆఖరి మాత్ర తర్వాత రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. తెలిసి, ఒప్పుకుని వేసుకోవాల్సిన మందది.

ఓపీ చీటీలు, కౌన్సెలింగ్ తేదీలు, రక్తపరీక్షలు (జీజీటీ అనే కాలేయ పరీక్ష రెండు మూడుసార్లు) ఒక ఫైల్లో పెట్టండి. రెండో దారికి ఇదే పెట్టుబడి. కోర్టు ఆరు నెలలకన్నా ఎక్కువ వేస్తే, ఆర్డరు తేదీ నుంచి ఆరు నెలలు దాటాక సెక్షన్ 23 కింద అదే కోర్టులో పిటిషన్ వేయొచ్చు. అనర్హతని కోర్టు ఎత్తేయొచ్చు, మార్చనూవచ్చు. "మారాను సార్" అన్న మాటకన్నా ఆరు నెలల చీటీలకి బరువెక్కువ. కొట్టేస్తే మళ్లీ వేయడానికి మూడు నెలలు ఆగాలి.

ఈలోగా పైడిభీమవరం ఫ్యాక్టరీ షిఫ్టులకి వెళ్లేవాళ్లు కంపెనీ బస్సులో పేరు రాయించుకోండి.

లైసెన్సు వచ్చాక ఈ లెక్క దగ్గరుంచుకోండి. 42.8 శాతం మందు క్వార్టర్‌లో, అంటే 180 మిల్లీలీటర్లలో, సుమారు 60 గ్రాముల ఆల్కహాలుంటుంది. 60 కిలోల మనిషి రక్తంలో అది దాదాపు 150 అంకె దాకా తీసుకెళ్తుంది. ఒంట్లోంచి గంటకి 15 చొప్పునే పోతుంది. రాత్రి పదకొండుకి ముగించినవాడు పొద్దున్న ఆరింటికి హైవే ఎక్కితే మిషన్ ఇంకా 30 పైనే చూపించవచ్చు. మజ్జిగ, నిమ్మకాయ, చన్నీళ్ల స్నానం ఆ అంకెని ఒక్కటి కూడా తగ్గించవు. జీలుగు కల్లైనా, తాటికల్లైనా మిషన్‌కి ఒకటే.