సూపర్‌హీరో ఫిగర్ ఒళ్లు కొలిచి పోల్చడం ఎలా

పాత బ్యాట్‌మ్యాన్ బక్కగా ఉన్నాడు, కొత్తవాడు పహిల్వాన్‌లా ఉన్నాడు అని రెండు బొమ్మల్నీ అరలో పక్కపక్కన పెట్టి తేల్చేయకండి. ఒకటి 8 అంగుళాలది, ఇంకొకటి 7 అంగుళాలది. ఒకడి తల పెద్దది, ఇంకొకడి ముసుగు చెవులు పొడుగు. కొలిస్తేనే తేడా తెలుస్తుంది.

సామాను తక్కువే. 150 మి.మీ. కాలిపర్ (దవడల మధ్య పట్టి మందం కొలిచే పనిముట్టు), స్టీలు స్కేలు, సన్న మొన పెన్సిలు, 2 మి.మీ. వెడల్పున కత్తిరించిన కాగితపు పట్టీలు చాలు. దారం లాగితే సాగుతుంది. టైలర్ టేపు చిన్న బొమ్మ దండకు, అంటే మోచేతికి పై భాగానికి, సరిగా చుట్టుకోదు.

ముందు ఎత్తు. మోకాళ్లు, చీలమండలు నిటారుగా పెట్టి గోడకు ఆనించండి. చెవులు, జుట్టు, బూటు మడమ లెక్కలోకి రాకూడదు. ముసుగు కింద నడినెత్తి ఎక్కడుందో కనబడదు కాబట్టి గడ్డం నుంచి కళ్ల గీత దాకా కొలిచి రెట్టింపు చేయండి, అదే తల పొడవు. మనిషి తలలో కళ్లు దాదాపు మధ్యలోనే ఉంటాయి. ఎత్తును తల పొడవుతో భాగిస్తే మామూలు మనిషికి ఏడున్నర చుట్టూ వస్తుంది, ఆదర్శ దేహానికి చిత్రకారులు 8 వాడతారు. 9 దాటితే ఒళ్లు పెంచారని వెంటనే అనుకోవద్దు. తల చిన్నది చేసినా అదే అంకె వస్తుంది.

తర్వాత చుట్టుకొలతలు. ఛాతీని చంకల కింద, నడుమును బెల్టుకు పైన సన్నని చోట, దండను భుజానికీ మోచేతికీ నడుమ కొలవండి. పట్టీ చుట్టి, అంచులు కలిసిన చోట గీత పెట్టి, విప్పి పరిచి కొలవాలి. మూడుసార్లు చేసి నడిమి అంకె తీసుకోండి. 152 మి.మీ. ఫిగర్‌ను 188 సెం.మీ. మనిషి అనుకుంటే ప్రతి కొలతా 12.4 రెట్లవుతుంది. 38 మి.మీ. దండ 47 సెం.మీ. అవుతుంది, పట్టీలో 1 మి.మీ. తప్పు సెంటీమీటరు పైన తప్పవుతుంది. అందుకే పోలికకు నిష్పత్తులే నమ్మకం: ఛాతీ బై నడుము, దండ బై నడుము. వీటికి పాత్ర ఎత్తును ఊహించే పనే లేదు.

మనిషి ఎత్తుకు పెంచి చూడటానికీ ఒక విలువ ఉంది. 1999లో అమెరికన్ మనోవైద్యుడు హారిసన్ పోప్ బృందం జీ.ఐ. జో అనే సైనికుడి బొమ్మలను 5 అడుగుల 10 అంగుళాల మనిషికి పెంచి లెక్కగడితే, 1990ల నాటి ‘ఎక్స్‌ట్రీమ్’ జో దండ 26 అంగుళాలు దాటింది. కామిక్స్‌లోనూ అదే దశకంలో కండలు హద్దు దాటాయి. 1970లలో నీల్ ఆడమ్స్ గీసిన బ్యాట్‌మ్యాన్ సన్నని వ్యాయామ దేహంవాడు. ఆ పక్కన 1992లో మొదలైన ఇమేజ్ కామిక్స్ తొలి సంచికలు పెట్టి చూడండి.

అయితే బొమ్మ ఒంటి తీరు అంతా కాలం అభిరుచే కాదు, చాలావరకు కర్మాగారం పని. పోలికలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. 1972లో మొదలైన మెగో కంపెనీ 8 అంగుళాల బొమ్మల వరుసలో సూపర్‌మ్యాన్‌కూ బ్యాట్‌మ్యాన్‌కూ గుడ్డ దుస్తుల కింద ఒకే ఒళ్లు. 2002లో మొదలైన మార్వెల్ లెజెండ్స్ బొమ్మల వరుసలోనూ ఒకే అచ్చుకు తల, రంగు మార్చి పలు పాత్రలు చేశారు. కాబట్టి కొలతలు రాసుకునే పట్టికలో పాత్రలు కాదు, అచ్చులు లెక్కపెట్టండి. బాల్ జాయింట్లు (బంతిలా గుండ్రంగా ఉండే కీళ్లు) తుంటిని వెడల్పు చేస్తాయి. ఆడ పాత్రల్లో నడుము మరీ సన్నగా కనబడటానికి ఇదీ ఒక కారణం, అందుకే జాయింటుకు పైనా కిందా రెండుచోట్ల కొలిచి రెండూ రాసుకోండి. మూడుముప్పావు అంగుళాల బొమ్మల్లో చీలమండ విరగకుండా లావుగా పోస్తారు, దాన్ని పోల్చడం దండగ.

మన ఇళ్లలో దొరికే ఫన్‌స్కూల్ కంపెనీ జీ.ఐ. జోలకు ఇంకో తంటా ఉంది. మొండెం, కాళ్లు కలిపి పట్టేది లోపలి రబ్బరు రింగు. అది ముదిరి సాగితే నడుము దగ్గర సందు పడి ఎత్తు పెరుగుతుంది. ముందు రింగు మార్చండి. వీపు స్క్రూ విప్పేటప్పుడు సరిపడే స్క్రూడ్రైవర్ వాడకపోతే స్క్రూ తల అరిగి ఇక ఊడిరాదు.

మన ఎండలకు కాళ్లు వంగిన పీవీసీ ఫిగర్‌ను అలాగే కొలవొద్దు. మరిగించి దింపి రెండు మూడు నిమిషాలు ఆగిన నీళ్లలో వంగిన భాగాన్ని ఒక నిమిషం ముంచి, నిటారుగా పట్టుకుని, చన్నీళ్లలో ఉంచండి. గుడ్డ దుస్తులవీ, లైట్లు ఉన్నవీ ముంచకూడదు.

పెట్టె తెరవని బొమ్మకు ఫొటోనే దిక్కు. రెండు మీటర్ల దూరం నుంచి, ఫోన్ బొమ్మ నడుము ఎత్తులో పెట్టి, జూమ్ చేసి తీయండి. దగ్గర నుంచి తీస్తే ముందుకొచ్చిన ఛాతీ ఉన్నదానికన్నా పెద్దదిగా పడుతుంది. ఫొటోతో వెడల్పులే వస్తాయి, చుట్టుకొలత రాదు. ఈ అంకెల్ని పట్టీ అంకెలతో కలపకండి.

ఏడాది రాసేటప్పుడు మూడు గడులు పెట్టుకోండి: వీపు మీదో పాదం కిందో అచ్చైన కాపీరైట్ ఏడాది, బొమ్మ అమ్మకానికి వచ్చిన ఏడాది, అది ఏ కాలపు బొమ్మగీతను అనుసరించిందన్నది. మొదటి రెండింటికీ చాలాసార్లు ఏళ్ల తేడా ఉంటుంది. మూడోది స్టాట్యూలకు మరీ అవసరం. ‘బ్యాట్‌మ్యాన్ బ్లాక్ అండ్ వైట్’ వరుసలో ఒక్కో స్టాట్యూ ఒక్కో చిత్రకారుడి శైలిలో ఉంటుంది. దాన్ని తయారైన ఏడాది కింద వేస్తే పట్టిక మొత్తం తప్పుతుంది, ఆ చిత్రకారుడు గీసిన కాలం కింద వేయండి.