చిన్న కంప్యూటర్ కేసులో వాటర్ కూలింగ్, 4వ పాఠం: మిగిలిన ఆ 2 మిల్లీమీటర్లు ఏమయ్యాయి?

పోయిన పాఠంలో, నీళ్లను చల్లార్చే రేడియేటర్, దాని ఫ్యాన్ మీ కేసులో పడతాయో లేదో తేల్చమని అడిగి, "కొలతలు కలిపి చూసుకోండి, చాలు" అన్నాను. ఆ "చాలు" అన్న మాటే కొంప ముంచింది. వచ్చిన జవాబులు చాలావరకు ఒకేలా ఉన్నాయి: కేసులో ఖాళీ 54, రేడియేటర్ 27, ఫ్యాన్ 25, ఇంకా 2 మి.మీ. మిగిలింది. ఒకరైతే సామాను కొని, బిగించి, ఆ తర్వాత రాశారు: పక్క ప్యానెల్ మూసుకోవట్లేదు, మధ్యలో ఉబ్బుతోంది. ఆయన కూడిక సరైనదే, నేను చెప్పిన పద్ధతే సగం. అందుకే పంపు పాఠాన్ని తర్వాతకు జరిపాను.

25 అని రాసి ఉన్న ఫ్యాన్ సరిగ్గా 25 ఉండాలని లేదు. మూలల్లో రబ్బరు ప్యాడ్లుంటే మందం ఇంకాస్త పెరుగుతుంది. రేడియేటర్‌కు పెయింటు పొర ఉంటుంది. కేసు రేకును వంచి చేస్తారు కాబట్టి అన్నిటికంటే ఎక్కువ తేడా అక్కడే వస్తుంది. చేతిలో వస్తువు లేనప్పుడు నేను ఫ్యాన్‌కు అర, రేడియేటర్‌కు అర, కేసుకు 1 మి.మీ. అటూ ఇటూ వేసుకుంటాను. ఇది నా అలవాటు, ఏ కంపెనీ హామీ కాదు.

ఇప్పుడు అదే లెక్క మళ్లీ చేద్దాం. ఖాళీ తక్కువలో తక్కువ 53. ఫ్యాన్ ఎక్కువలో ఎక్కువ 25.5, రేడియేటర్ 27.5, రెండూ కలిపి 53. మిగిలింది సున్నా. ఫ్యాన్ మీద కనిపించే స్క్రూ తల మరో 2 మి.మీ. తింటుంది. ప్యానెల్ ఉబ్బింది అందుకే.

"అన్నీ ఒకేసారి చెడ్డవైపుకే పోతాయా?" అని అడుగుతారు. నిజమే, అరుదు. తేడాల వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే ఇక్కడ దాదాపు 1.2 వస్తుంది, 2 రాదు. వేల కేసులు చేసే ఫ్యాక్టరీకి ఆ లెక్క పనికొస్తుంది. మీరు కట్టేది ఒక్కటే. చెడ్డ లెక్కే వేసుకోండి.

240 రేడియేటర్ (రెండు 120 మి.మీ. ఫ్యాన్లు పట్టేది) పొడవు 240 కాదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. చివర్ల ట్యాంకులతో కలిపి సాధారణంగా 270 దాటుతుంది.

నాకు ఒళ్లు మండేది స్క్రూల దగ్గర. 25 మి.మీ. ఫ్యాన్‌కు 30 మి.మీ. స్క్రూ వేస్తే రేడియేటర్‌లోకి 5 మి.మీ. దిగుతుంది. మధ్యలో 1 మి.మీ. కేసు రేకు ఉంటే 4. ఇంతవరకు బాగానే ఉంది. చోటు చాలక 15 మి.మీ. సన్న ఫ్యాన్‌కు మారతారు, స్క్రూలు మాత్రం పాతవే వాడతారు. అప్పుడు లోపలికి దిగేది 15. చాలా రేడియేటర్లలో ఆ రంధ్రం వెనకాలే నీళ్లు పారే గొట్టం ఉంటుంది. స్క్రూ మొన దానికి తగిలాక చేతికి కొంచెం గట్టిగా అనిపిస్తుంది, "ఇంకో చుట్టు తిప్పితే బిగుస్తుంది" అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని ఒక రేడియేటర్‌కు చిల్లు పెట్టాను. అది నీళ్లు పోసిన తర్వాత గానీ తెలియలేదు.

ముందు ఫ్యాన్ లేకుండా, టూత్‌పిక్ మొద్దు వైపును రంధ్రంలోకి మెల్లగా తోయండి. ఆగిన చోట గోరుతో గుర్తు పెట్టి కొలవండి. 6 మి.మీ. వస్తే స్క్రూ 4 కంటే ఎక్కువ దిగకూడదు. వాషర్ వేస్తే దాని మందం తీసేయండి. రంధ్రాలన్నీ చూడండి, చివర రంధ్రాల లోతు వేరుగా ఉండొచ్చు. ఎలక్ట్రిక్ స్క్రూడ్రైవర్ అసలు ముట్టుకోవద్దు.

ట్యూబుల గురించి ఒక్క మాట: చిన్న కేసులో నేను మెత్తని 10/13 ట్యూబే (లోపల 10, బయట 13 మి.మీ.) వాడతాను. ట్యూబు బిగించే ఫిట్టింగు 2 మి.మీ. పక్కకు పోయినా ట్యూబు సర్దుకుంటుంది. గట్టి ట్యూబు సర్దుకోదు, మళ్లీ వంచి, మళ్లీ కోయాలి. అందం కావాలంటే మీ ఇష్టం.

అభ్యాసం: మీ దగ్గరున్న ప్రతి భాగాన్నీ వెర్నియర్‌తో మూడేసి చోట్ల కొలిచి, చిన్న అంకె, పెద్ద అంకె రెండూ రాయండి. పెద్ద అంకెలతో అట్టముక్కలు కోసి, పవర్ కేబుళ్లు తగిలించి, కేసులో పెట్టి ప్యానెల్ మూయండి. కేబుల్ వంపును ఊహించుకోవద్దు, నిజంగా వంచండి. తర్వాత, 1 మి.మీ. రేకు మధ్యలో ఉన్నప్పుడు 15 మి.మీ. ఫ్యాన్‌కు ఎంత పొడవు స్క్రూ కావాలో మీ టూత్‌పిక్ కొలతతో లెక్కించండి. జవాబు 30 వస్తే 5వ పాఠానికి రావద్దు, ఇదే మళ్లీ చదవండి.