మీ గల్లీ కుక్కలకు కార్పొరేషన్‌తో ఆపరేషన్లు చేయించడం ఎలా?

2023 మేలో కాజీపేటలో వీధికుక్కల దాడిలో ఒక చిన్న పిల్లాడు చనిపోయాడు. ఆ తర్వాత మా గల్లీలో అందరిదీ ఒకటే మాట: "బండిని పిలిచి అన్నింటినీ పట్టుకుపొమ్మనండి." ఆ భయం నాకూ ఉంది. కానీ ఉన్నవాటిని ఎక్కడో వదిలేస్తే పక్క గల్లీవి వచ్చి చేరతాయి, వాటికి టీకా ఉందో లేదో ఎవరికీ తెలియదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. ఆ బాధ్యత కార్పొరేషన్‌ది.

ముందు లెక్క తీయండి. పొద్దున ఐదున్నరకు, పాలవాళ్లు తిరిగే వేళ, గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. రెండు మూడు రోజులు అదే టైమ్‌కు వెళ్లండి. రంగు, ఆడా మగా, పిల్లలున్నాయా, అన్నీ నోట్‌బుక్‌లో రాయండి. ముఖ్యంగా చెవి చూడండి. కొసన చిన్న ఇంగ్లిష్ 'V' ఆకారంలో కోసి ఉంటే ఆపరేషన్ అయినట్టు. మొదటి రోజు మేం పదకొండు లెక్కపెట్టాం. మూడో రోజుకు పద్నాలుగు తేలాయి, చెవి కోసినవి రెండే. ఆరు నెలల లోపు పిల్లల్ని ఆపరేషన్‌కు పట్టకూడదు కాబట్టి వాటిని విడిగా రాసుకోండి.

తర్వాత, అన్నం పెట్టేవాళ్లను కలవండి. ప్రతి గల్లీలో ఒకరుంటారు. మా దగ్గర ఒక అవ్వ రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు కలిపి గోడ పక్కన పెడుతుంది. ఆమెతో గొడవ పెట్టుకుంటే పని ఆగిపోతుంది. వల చూస్తే పారిపోయే కుక్క, ఆమె పిలిస్తే వచ్చి నిలబడింది.

ఇప్పుడు అర్జీ రాయండి. "కుక్కల బెడద తీర్చండి" అని కాకుండా, "మా గల్లీలో ఆపరేషన్ కాని కుక్కలు పన్నెండు ఉన్నాయి, అన్నింటినీ ఒకే విడతలో పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, ఇక్కడే వదలండి" అని రాయండి. రెండింటిని పట్టి పదింటిని వదిలేస్తే ఏడాదిలో మళ్లీ అదే సంఖ్య. ఇరవై ముప్పై ఇళ్లవాళ్ల సంతకాలు తీసుకోండి. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కమిషనర్ పేరుమీద ఇచ్చి రసీదు అడగండి. ఒక కాపీ మీ కార్పొరేటర్‌కు ఇవ్వండి. బడి, ఆసుపత్రి, బస్టాండు ఆవరణల్లోని కుక్కల సంగతి వేరు. వాటిని తిరిగి అక్కడ వదలొద్దని, షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు 2025 నవంబర్‌లో ఆదేశించింది. అలాంటి ఆవరణలు మీ పక్కనే ఉంటే అర్జీలో వేరే పేరాగా రాయండి.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, గడువు 30 రోజులు. ఈ ఏడాది మీ డివిజన్‌లో ఎన్ని కుక్కలకు ఆపరేషన్ చేశారు, ఎన్నింటిని తిరిగి వదిలారు అని అడగండి. మాకు ఈ కాగితంతోనే కదలిక వచ్చింది.

బండి వచ్చిన రోజు ఇద్దరైనా ఇంటి దగ్గరుండండి. ఏవేవి పట్టారో ఫొటో తీసి, నోట్‌బుక్‌లో టిక్ పెట్టుకోండి. తిరిగి తెచ్చినప్పుడు ఆ లిస్టుతో సరిచూడండి: చెవి కోశారా, కుట్లు మానాయా, మన గల్లీవేనా. తేడా ఉంటే అక్కడే చెప్పండి.

ఈలోగా ఎవరినైనా కరిస్తే పసుపో సున్నమో పెట్టొద్దు. పారే నీళ్లతో, సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి ఇంజెక్షన్ వేయించండి.