రీమ్యాప్ చేయించినా బండి లాగడం లేదా? పాత డీజిల్ కార్లకు సమస్య - పరిష్కారం

పాత స్విఫ్ట్ డీజిల్ చేతికి రాగానే చాలామంది మొదట కనుక్కునేది రీమ్యాప్ రేటు, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ మార్చి పవర్ పెంచే పనికి ఎంతవుతుందని. ఆశపడటంలో తప్పేం లేదు. 1248 సీసీ, 75 పీఎస్ పవర్, 2000 ఆర్‌పీఎం దగ్గర 190 ఎన్ఎం టార్క్ ఇచ్చే ఇంజిన్ అది. ఫియాట్ వాళ్ల మల్టీజెట్. ఇండికా విస్టాలోనూ, పుంటోలోనూ ఇదే తిరిగింది కాబట్టి సామాన్లకు, పని తెలిసిన మెకానిక్‌లకు కరువు లేదు. కానీ 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. అంటే దొరికే ప్రతి బండీ ఎవరో ఒకరు బాగా తిప్పేసిందే. ఫ్యాక్టరీలో ఇచ్చిన 75 ఇంకా మిగిలి ఉందో లేదో చూడకుండా దాని మీద ఇంకో ఇరవై ఎక్కించమంటారు. డబ్బులు కట్టాక "అన్నా, ముందుకంటే అధ్వానంగా ఉంది" అని ఫోన్ చేస్తారు.

కింద రాసింది ఈ ఇంజిన్‌ని దృష్టిలో పెట్టుకునే అయినా, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న ఏ పాత డీజిల్‌కైనా దాదాపు ఇంతే. బోనెట్ ఎత్తడం, ఫిల్టర్ మార్చడం, జాకీ వేయడం వచ్చనే అనుకుంటున్నాను.

బండి మొత్తంగా బరువుగా ఉంది, మైలేజ్ కూడా పడింది

ఇంజిన్ జోలికి వెళ్లొద్దు. చదునైన నేల మీద న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించి, ఒక్కరే తోసి చూడండి. ఒక మనిషి తోస్తే కదలాలి. కదలకపోతే ఏదో చక్రానికి బ్రేక్ పట్టేస్తోంది. ఏ చక్రమో తెలియాలంటే బ్రేక్ పెద్దగా తొక్కకుండా నాలుగైదు కిలోమీటర్లు తిప్పి వచ్చి, ఒక్కో రిమ్ము దగ్గర చెయ్యి పెట్టండి. మిగతా వాటికంటే బాగా వేడిగా ఉన్నదే దొంగ. ముందు చక్రమైతే సాధారణంగా క్యాలిపర్ పిన్నులు ఎండిపోయి ఉంటాయి, వెనకదైతే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి వెనక్కి రాదు. పిన్నులు తీసి తుడిచి సిలికాన్ గ్రీజు పెట్టండి. షెడ్డులో డబ్బాలో ఉండే మామూలు గ్రీజు పెట్టనివ్వకండి, రబ్బరు బూట్లు ఉబ్బిపోయి మళ్లీ పట్టేస్తుంది.

టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. చెప్పక్కర్లేదు అంటూనే చెప్తున్నాను, ఎందుకంటే రీమ్యాప్‌కి వేలు పోసే మనిషే డీజిల్ ఫిల్టర్ దగ్గరికొచ్చేసరికి "పోయినేడాది మార్చాం కదా" అంటాడు.

ఆర్‌పీఎం ఎగురుతుంది, స్పీడు ఎక్కదు

క్లచ్ జారుతోంది. నాలుగో గేరులో యాభై దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. స్పీడు ముల్లు నెమ్మదిగా పోతూ ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా పైకి లేస్తే అంతే సంగతి. ఫ్యాక్టరీ టార్క్‌కే చివరి అంచున నిలబడిన క్లచ్, రీమ్యాప్ అయిన వారానికే చేతులెత్తేస్తుంది. దాన్ని రీమ్యాప్ వాడి తప్పు అనకండి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి మార్చండి. గేర్‌బాక్స్ దించే కూలీ రెండుసార్లు ఎందుకు?

2000 దాటాక బండి చప్పబడుతుంది, తొక్కితే నల్లపొగ

నన్ను ఎక్కువగా ఏడిపించింది ఇదే. అసలు ముచ్చట కూడా ఇదే.

ఊళ్లో తిరిగేటప్పుడు ఏమీ తెలియదు. ఐడిల్ చక్కగా ఉంటుంది, స్టార్టింగ్ బాగుంటుంది, చెక్ ఇంజిన్ లైటు కూడా వెలగకపోవచ్చు. హైవే మీద లారీని దాటుదామని తొక్కితేనో, శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడో అసలు సంగతి బయటపడుతుంది. టర్బో అందుకోవాల్సిన చోట అందుకోదు, వెనక వచ్చేవాడికి నల్లపొగ. కిటికీ దించి వింటే, బలంగా తొక్కినప్పుడు మాత్రం బోనెట్ కిందనుంచి టైరులో గాలి వదిలినట్టు ఒక స్స్ మనే చప్పుడు.

ఇది టర్బో నుంచి ఇంజిన్‌కి గాలి తీసుకెళ్లే హోస్ పైపు చిట్లడం. చాలా బళ్లలో ఆ దారి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మీదుగా పోతుంది, కాబట్టి జాయింట్లు ఎక్కువ, వంపులు ఎక్కువ. ఏళ్ల తరబడి వేడికి, ఆయిల్ ఆవిరికి నాని రబ్బరు మెత్తబడుతుంది. పగులు దాదాపు ఎప్పుడూ వంపులో అడుగువైపునో, క్లిప్పు అంచున్నో వస్తుంది. పైనుంచి టార్చి వేస్తే కనపడదు. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు పైపులో ప్రెషర్ ఉండదు గనక పగులు మూసుకునే ఉంటుంది. లోడ్ పడి గాలి నిండినప్పుడే నోరు తెరుస్తుంది. షెడ్డులో నిలబెట్టి ఎంత రేస్ చేసినా పెద్దగా తేడా తెలియదు.

రీమ్యాప్ తర్వాత ఇది మరీ ముదురుతుంది. కొత్త మ్యాప్ ఎక్కువ గాలి వస్తుందని నమ్మి ఎక్కువ డీజిల్ కొడుతుంది. గాలి దారిలోనే కారిపోతుంది. కాలని డీజిల్ పొగై పోతుంది. పొగ చూసి ఇంజెక్టర్లంటారు. పికప్ లేదని టర్బో అంటారు. ఒకాయన బండి నా దగ్గరికి వచ్చేసరికి నాలుగు ఇంజెక్టర్లూ సర్వీస్ అయి ఉన్నాయి, టర్బో విప్పి చూసి మళ్లీ బిగించారు, రీమ్యాప్ రెండోసారి రాయించారు. పైపు కింద చెయ్యి పెట్టి నొక్కితే నా చూపుడు వేలు గోరు పట్టేంత చీలిక. చుట్టూ నల్లటి ఆయిల్ తడి, దాని మీద దుమ్ము అంటుకుని పేస్టులా ఉంది.

ఆ తడే మొదటి ఆనవాలు. హోస్‌ని మొత్తం చేత్తో తడమండి, ముఖ్యంగా కిందివైపు. లోపల పలచటి ఆయిల్ పొర ఉండటం మామూలే, ఇంజిన్ బ్రీతర్ ఆవిరి అది. బయట తడి ఉంటే మాత్రం గాలి అక్కడినుంచే పోతోంది. లోపల గరిటెతో తీసేంత ఆయిల్ ఉంటే అది వేరే కథ, అప్పుడు టర్బోని అనుమానించండి.

రెండో ఆనవాలు స్కానర్, అంటే ఇంజిన్ కంప్యూటర్ అంకెలు చదివే పరికరం. లైవ్ డేటాలో మ్యాప్ సెన్సర్ అంకె చూడండి. దీనికీ రీమ్యాప్‌కీ సంబంధం లేదు, ఇది ఇంజిన్‌లోకి పోయే గాలి ప్రెషర్ కొలిచేది. ఇంజిన్ ఆపి తాళం ఆన్ చేస్తే అది బయటి గాలి ప్రెషర్ చూపించాలి: విజయవాడలో 100 కేపీఏ పైచిలుకు, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో 95 దరిదాపు. అక్కడే తప్పు చూపిస్తే ముందు సెన్సర్ తుడిచి చూడండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో పూర్తిగా తొక్కి, పక్కన కూర్చున్నవాళ్లని అంకె చదవమనండి. బాగున్న బండిలో మొదటి అంకెకు రెండింతల దగ్గరికి వెళ్తుంది. 130, 140 దగ్గరే ఆగితే గాలి ఎక్కడో పోతున్నట్టే. చవక బ్లూటూత్ డాంగిల్స్ కొన్ని పాత మోడల్స్‌తో మాట్లాడవు, అప్పుడు షెడ్డు స్కానరే గతి.

ఇంకా అనుమానంగా ఉంటే ఇంజిన్ ఆపి, చల్లారాక, హోస్ రెండు కొసలూ ఊడదీయండి. ప్లంబింగ్ షాపులో దొరికే పీవీసీ ఎండ్ క్యాపులు రెండు తెచ్చి, ఒకదానికి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించి, రెండు కొసల్నీ మూసేయండి. పది, మహా అయితే పదిహేను పీఎస్ఐ గాలి పట్టి సబ్బు నీళ్లు చల్లండి. బుడగలే చెప్తాయి. క్యాపులు బాగా బిగించండి, మొహం ఎదురుగా పెట్టకండి. పదిహేను దాటి కొట్టొద్దు.

ఇక మార్చడం. టేపు చుట్టడం, ఎం-సీల్ పెట్టడం, సైకిల్ ట్యూబు కట్టడం అన్నీ చూశాను. ఏదీ నిలవదు, ఎందుకంటే ఆయిల్ తాగిన రబ్బరుకి ఏదీ అతుక్కోదు, పైగా ప్రెషర్‌కి పైపు ఉబ్బుతుంది. కొత్త హోస్ వేయండి. స్టైల్‌గా ఉంటుందని సిలికాన్ హోస్ వేసేవాళ్లు టర్బో నుంచి బయటికొచ్చే వైపు లోపల ఆయిల్‌ని ఆపే ఫ్లోరో పొర ఉన్నదే అడగండి. మామూలు సిలికాన్‌లోంచి ఆయిల్ మెల్లగా బయటికి చెమరుస్తుంది. పాత స్క్రూ క్లిప్పునే గట్టిగా బిగిస్తే అదే కొత్త రబ్బరుని కోస్తుంది, కాబట్టి క్లిప్పులు కూడా కొత్తవి, వెడల్పువి వేయండి. కొసలు రెండూ బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, పూర్తిగా లోపలికి దిగాకే బిగించండి. వారం తిరిగాక ఒకసారి క్లిప్పులు చూసుకోండి.

ఇది చేశాక రీమ్యాప్ అవసరమే లేదనిపించినవాళ్లు చాలామంది ఉన్నారు.

కోన్ ఫిల్టర్ వేశాక చప్పుడు పెరిగింది, పికప్ తగ్గింది

ఫ్యాక్టరీ ఫిల్టర్ బాక్సు తీసేసి పెట్టే ఆ ఫిల్టర్ బోనెట్ కింద వేడి గాలి పీలుస్తోంది. ఫ్యాక్టరీ బాక్సు బయటి చల్లగాలిని తెస్తుంది, దాన్ని తిరిగి పెట్టండి. ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బళ్లలో ఫిల్టర్‌కి పూసే ఆయిల్ ఎగిరి సెన్సర్ తీగకు అంటుకుంటుంది. ఆ సెన్సర్ కోసమే అమ్మే క్లీనర్‌తో తుడవండి, కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టొద్దు. పెద్ద చప్పుడు చేసే సైలెన్సర్ విషయమైతే ఈ ఇంజిన్‌కి అది ఇచ్చేది తక్కువ, ట్రాఫిక్ పోలీసులు తీసుకునేది ఎక్కువ.

ఇవన్నీ చూశాక కూడా తేడా లేకపోతే

ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) తెరిచి ఉండిపోయిందేమో చూడండి, విప్పి కార్బన్ తీస్తే సరిపోతుంది. ఇంజెక్టర్, టర్బో, కంప్రెషన్, సైలెన్సర్ లోపల కూలడం అన్నీ చివర. లీకు లేదని సబ్బు నీళ్లతో తేలేదాకా టర్బో విప్పడానికి ఎవరికీ తాళం ఇవ్వకండి.

అంతా బాగుండి చేతిలో డబ్బు మిగిలితే మొదట టైర్లు. కింది వేరియంట్ స్విఫ్ట్‌కి వచ్చిన 165/80 ఆర్14 బదులు 185/70 ఆర్14 వేయొచ్చు, అదే రిమ్ము సైజు. బయటి వ్యాసం తేడా అయిదు మిల్లీమీటర్లే, అంటే ఒక శాతం లోపు. స్పీడోమీటర్ తప్పు చెప్పదు, పట్టు మాత్రం బాగా తెలుస్తుంది. రీమ్యాప్ ఆ తర్వాత.