వేప పుల్లలు ఎందుకున్నాయి? హైస్కూలు పిల్లలకు కథా విశ్లేషణ, వ్యాసం నేర్పే తీరు

తొమ్మిది, పది తరగతుల పిల్లలను ఒక కథ మీద వ్యాసం రాయమంటే ఎక్కువమంది ఆ కథనే మళ్లీ రాసి ఇస్తారు. తప్పు వాళ్లది కాదు. చిన్న తరగతుల నుంచి ‘పాఠం సారాంశాన్ని సొంతమాటల్లో రాయండి’ అన్న ప్రశ్నకు అలవాటు పడ్డారు, దానికే మార్కులు వచ్చాయి. విశ్లేషణ వేరే పని అని వాళ్లకు కళ్లారా చూపించాలి. అందుకే ఈ పాఠాన్ని నిర్వచనాలతో మొదలుపెట్టొద్దు. ‘కథావస్తువు అనగా’ అని బోర్డు మీద రాసిన మరుక్షణం పిల్లలు దాన్ని బట్టీ పట్టే లెక్కలో వేసేస్తారు.

45 నిమిషాల పీరియడ్లు ఆరు పెట్టుకోండి, వీలైతే వరసగా. వారానికొకటి చొప్పున సాగదీస్తే కథలోని అసలు మాటలు మరిచిపోతారు, సారాంశం ఒక్కటే మిగులుతుంది. మళ్లీ మొదటికే వస్తాం.

మొదటిసారి వాచకంలోని కథ వద్దు. దానికి గైడులో జవాబులు తయారుగా ఉంటాయి. బోర్డు మీద పట్టేంత కథ చాలు. ఇలాంటిది:

“బోరు బండి వచ్చేసరికి చీకటి పడింది. నాయిన కొబ్బరికాయ కొట్టాడు. అమ్మ రెండు బిందెలు తోమి గట్టు మీద పెట్టింది. మూడు వందల ఫీట్లు దిగినా తెల్లటి దుబ్బే లేస్తోంది. ‘ఆపుదమా?’ అన్నాడు బండి మేస్త్రి. నాయిన అమ్మ వైపు చూశాడు. అమ్మ చేయి చెవి దగ్గరికి పోయింది. ‘ఇంకో వంద దింపుండ్రి’ అన్నది. తెల్లారి సీను లేచేసరికి బండి లేదు. బిందెల మీద వేలితో రాసేంత దుబ్బ. సీను ఒక బిందె మీద తన పేరు రాసుకున్నాడు. అమ్మ వాకిలి ఊడుస్తోంది. ఆమె చెవులకు వేప పుల్లలున్నాయి.”

మొదటి పీరియడులో దీన్ని రెండుసార్లు పైకి చదవండి. మొదటిసారి ఎక్కడా ఆగొద్దు, ప్రశ్న వేయొద్దు. రెండోసారి పిల్లలు పెన్సిలు పట్టుకుని, ఆగాలనిపించిన మాట కింద గీత గీసుకుంటారు. తెలియని విషయాలు ఉంటే అప్పుడే చెప్పేయండి. నల్లగొండ జిల్లాలో దేవరకొండ, మునుగోడు వైపు పిల్లలకు బోరు బండి గురించి చెప్పే పని లేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే మిర్యాలగూడ వైపు పిల్లల్లో కొందరు దాన్ని దగ్గరగా చూసి ఉండకపోవచ్చు. బండి గాలి ఒత్తిడితో రాయిని పొడి చేసి పైకి తోస్తుందని, నీళ్లు తగిలితే ఆ పొడి బురదగా మారుతుందని, పొడి దుబ్బే లేస్తోందంటే ఇంకా నీళ్లు పడలేదని చెప్పండి. ఇది తెలియకపోతే కథలో సగం తలుపులు మూసే ఉంటాయి.

తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. నారాయణపేట సరిహద్దు ఊళ్లలో కన్నడం మాట్లాడేవాళ్లుంటారు. వాళ్లను జంటలుగా కూర్చోబెట్టి ముందు తమ ఇంటి మాటలోనే కథ గురించి మాట్లాడుకోనివ్వండి. ఆలోచన తేలాక తెలుగు వాక్యం దానంతట అదే దగ్గరికి వస్తుంది. మొదటి మాట నుంచే గ్రాంథికం అడిగితే ఆ పిల్లలు నోరు విప్పరు.

మూడు గడుల పట్టిక

రెండో పీరియడు అన్నిటికన్నా ముఖ్యం, దీన్ని తొందరగా ముగించొద్దు. నోట్‌బుక్కును అడ్డంగా తిప్పి పేజీలో మూడు గడులు గీయించండి. మొదటి గడి ‘కథలో ఉన్న మాట’, రెండోది ‘నాకు తోచింది’, మూడోది ‘ఎట్లా తెలిసింది?’ ఒక్కొక్కరు కనీసం అయిదు వరసలు నింపాలి. మొదటి గడిలో సొంత మాట ఒక్కటి కూడా ఉండకూడదు, కథలో ఎలా ఉంటే అలా ఎక్కించాలి. మొదటి పది నిమిషాలు ఆ గడి ఒక్కటే, మౌనంగా.

ఆ తర్వాత అడగండి: “అమ్మకు కమ్మలు ఉన్నాయని కథలో ఎక్కడుంది?” పిల్లలు కథంతా వెతుకుతారు. ఎక్కడా లేదు. చేయి చెవి దగ్గరికి పోవడం ఒక చోట ఉంది, కమ్మలు లేనప్పుడు చెవి రంధ్రం పూడకుండా పెట్టుకునే పుల్లలు తెల్లారి మరో చోట ఉన్నాయి. కమ్మలు ఆ రెండింటి మధ్య ఖాళీలో ఉన్నాయి. ఇది మీరు చెప్పేయకండి. ఒక నిమిషం తరగతి నిశ్శబ్దంగా ఉన్నా పర్వాలేదు, ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఆ పట్టుకున్న క్షణంలో పిల్లలకు విశ్లేషణ అంటే ఏమిటో తెలుస్తుంది. మనం ముందే చెప్పేస్తే అదీ నోట్సులో ఎక్కించుకునే మరో జవాబు అవుతుంది.

వెంటనే ఒకరు ‘అమ్మేసింది’ అంటారు, ఇంకొకరు ‘కుదువ పెట్టింది’ అంటారు. ఏది నిజమో కథ చెప్పలేదు. కమ్మలు బోరు ఖర్చుకే పోయి ఉంటాయని అనుకోవడానికి ఆధారం ఉంది, అంతకు మించి లేదు. ఇక్కడే మూడు మాటలు బోర్డు మీద రాయండి: ‘స్పష్టంగా ఉంది’, ‘సూచిస్తోంది’, ‘అనిపిస్తోంది’. రెండో గడిలోని ప్రతి వాక్యం ఈ మూడింటిలో దేనితో ముగియాలో పిల్లలే తేల్చుకోవాలి. దుబ్బ లేచిందన్నది స్పష్టంగా ఉంది. కమ్మలు పోవడాన్ని పుల్లలు సూచిస్తున్నాయి. సీనుకు ఆ నష్టం ఇంకా అర్థం కాలేదని, అందుకే దుబ్బలో పేరు రాసుకున్నాడని అనిపిస్తోంది.

పారిభాషిక పదాలు ఇప్పుడు ఇవ్వండి, వస్తువు చేతికి వచ్చాక పేరు పెట్టినట్టు. పుల్లలు ప్రతీక. అమ్మ చేయి కదలడం పాత్ర చిత్రణ. దృష్టికోణం దగ్గర మాత్రం జాగ్రత్త: ‘ప్రథమ పురుష’ అనగానే చాలామంది ‘నేను’ అనుకుంటారు. ‘నేను’ ఉత్తమ పురుష, ‘అతడు, ఆమె’ ప్రథమ పురుష. ఈ కథ ప్రథమ పురుషలో ఉన్నా ‘నాయిన’, ‘అమ్మ’ అన్న పిలుపులు సీనువి. అంటే చెప్పే గొంతు కథకుడిది, చూసే కళ్లు పిల్లవాడివి.

కాదనడానికి వీలున్న వాక్యం

వ్యాసానికి వెన్నెముక ఒకే వాక్యం. ‘ఈ కథ రైతు కష్టాల గురించి’ అని రాస్తే కాదనేవాళ్లు ఉండరు, కాబట్టి నిరూపించాల్సిందీ ఉండదు, మూడో వరసకే కలం ఆగిపోతుంది. ‘ఈ కథలో అసలు నిర్ణయం అమ్మది, దాని ఖరీదు కట్టిందీ ఆమే’ అంటే, బోరు పని నాయినది కదా అని పక్క పిల్లవాడు లేస్తాడు. అదీ పనికొచ్చే వాక్యం. మూడో పీరియడులో ప్రతి జంటా రెండు వాక్యాలు రాసి పక్క బెంచీకి ఇవ్వాలి. వాళ్లు కాదనలేకపోతే వాక్యం మార్చాలి.

మాటకు ఆధారం ఎందుకని అడిగితే మన పాలమూరు వాడు, గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి గురించి చెప్పండి. తెలంగాణలో కవులు లేరన్న మాటకు ఆయన కోపంతో జవాబివ్వలేదు. 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచిక తెచ్చి ముందు పెట్టారు.

నాలుగో పీరియడు పేరాకు. మాట, ఆధారం, వివరణ, ముడి అన్న నాలుగు భాగాలు. మాట ఒక వాక్యం, ఆధారం ఒకటి, వివరణ రెండు మూడు, వ్యాసం వెన్నెముక వాక్యానికి కలిపే ముడి ఒకటి. పిల్లల పేరాలు సాధారణంగా ఇలా వస్తాయి:

“అమ్మ చాలా మంచిది. బోరు వేసేటప్పుడు నీళ్లు పడలేదు. అప్పుడు మేస్త్రి ఆపుదమా అన్నాడు. అమ్మ ఇంకో వంద దింపమన్నది. తెల్లారి బండి పోయింది. దీనివల్ల మనకు అమ్మ గొప్పతనం తెలుస్తుంది.”

దీన్ని బోర్డు మీద పెట్టి, కథను తిరిగి చెబుతున్న వాక్యాల కింద గీయమనండి. ఆరింటిలో నాలుగింటికి గీత పడుతుంది. అప్పుడు అందరూ కలిసి తిరగరాయాలి:

“నిర్ణయం అమ్మ తీసుకుంటుంది. మేస్త్రి ‘ఆపుదమా?’ అన్నప్పుడు నాయిన మాట్లాడడు, ‘అమ్మ వైపు’ చూస్తాడు. అడిగింది ఆయనను, జవాబు చెప్పింది ఆమె. పైగా ఆ జవాబుకు ముందే ఆమె చేయి చెవి దగ్గరికి పోయింది, అంటే డబ్బు ఎక్కడి నుంచి రావాలో లెక్క వేసుకున్నాకే నోరు విప్పిందని అనిపిస్తోంది. ఖరీదు తెలిసి తీసుకున్న నిర్ణయం కాబట్టి తెల్లారి ఆమె మామూలుగా వాకిలి ఊడవగలిగింది.”

కథలోని మాట ఎత్తిరాసేటప్పుడు ‘దింపుండ్రి’ని ‘దింపండి’ అని దిద్దే పిల్లలుంటారు. వద్దనండి. ఆ యాస పాత్రది, ఉన్నదున్నట్టు కొటేషన్‌లో పెట్టాలి. వ్యాసం నడిచే భాష వాడుక తెలుగు. ఇంకో చిక్కు ఏమిటంటే, మన పిల్లలకు ఎండిన బోర్లు, బొంబాయి వలసలు ఇంటి విషయాలు. కథను అర్థం చేసుకోవడానికి ఆ అనుభవం ఎంతో పనికొస్తుంది, గౌరవంగా వినండి. కానీ కథలోని అమ్మ గురించిన మాటకు రుజువు కథలోనే దొరకాలి. ఊళ్లో జరిగిన సంగతితో పేరా నింపితే కథ పక్కకు పోతుంది.

ఉపోద్ఘాతం, ముగింపు అయిదో పీరియడులో ఇరవై నిమిషాల పని. మూడు పేరాలు ముందు రాయించి, ఉపోద్ఘాతం చివర రాయించండి: కథ గురించి రెండు వాక్యాలు, ఆ తర్వాత వెన్నెముక వాక్యం. ముగింపులో నీతి వద్దు, ‘రచయిత చక్కగా రాశారు’ అన్న మెచ్చుకోలూ వద్దు. కథ చివరి వాక్యం ఎందుకు అక్కడే ఆగిందో రెండు వరసల్లో చెబితే చాలు.

దిద్దడం దగ్గర చాలామంది టీచర్లు అలసిపోతారు. నలభై వ్యాసాలు ఒకేసారి తీసుకోవద్దు. ఒక్కో పేరా మాత్రమే, రోజుకు పది నోట్‌బుక్కులు. మొదటి చదువులో వత్తులు, ణ-న, ళ-ల తేడాలు ముట్టుకోకండి. ఆధారం లేని మాట పక్కన ప్రశ్నార్థకం, కథ తిరిగి చెప్పిన చోట పెన్సిలు గీత, అంతే. పేజీ నిండా ఎర్ర సిరా ఉంటే పిల్లలు అక్షరాలు దిద్దుకుంటారు, ఆలోచనను అలాగే వదిలేస్తారు. అక్షర దోషాలు రెండో చదువులో, ఒకరికి మూడింటికి మించకుండా. 20 మార్కులకైతే వెన్నెముక వాక్యానికి 4, ఆధారాలకు 6, వివరణకు 8, భాషకు 2 వేసి, ఆ లెక్క రాయడానికి ముందే బోర్డు మీద పెట్టండి.

ఆరో పీరియడులో గుర్తులు పెట్టిన పేరాను తిరగరాయించండి, అదీ ఎదుటి పేజీలోనే. పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉంటే ఏ వాక్యం పోయి ఏది వచ్చిందో పిల్లలకే కనిపిస్తుంది. వాచకంలోని కథను దాని తర్వాత తీసుకోండి, అప్పుడు కూడా మూడు గడుల పట్టికతోనే మొదలుపెట్టండి.