సంయుక్త ప్రకటనను చదవడం ఎలా? మూడో పాఠం: కర్త, కర్మ, క్రియ

ఈ పాఠంలో ఒకే ఒక వాక్యాన్ని పట్టుకుని, అది పన్నెండేళ్లలో ఎలా మారిందో చూద్దాం. భారత్, బ్రెజిల్, దక్షిణాఫ్రికాలు ఐక్యరాజ్యసమితిలో మరింత పెద్ద పాత్ర కోరుతున్నాయన్న మాట బ్రిక్స్ (అప్పట్లో బ్రెజిల్, రష్యా, భారత్, చైనా, దక్షిణాఫ్రికాల కూటమి) ప్రకటనల్లో పదేపదే కనిపిస్తుంది కనుక, అలవాటుపడిన కన్ను దాన్ని దాటిపోతుంది.

2011లో చైనాలోని సాన్యా శిఖరాగ్రంలో వెలువడిన ప్రకటనలో ఆ వాక్యానికి కర్త ‘మేము’ కాదు, చైనా, రష్యాలు. భద్రతా మండలిలో శాశ్వత సభ్యత్వం ఉన్న ఆ రెండూ మిగిలిన మూడు దేశాల ఆకాంక్షను అర్థం చేసుకుని సమర్థిస్తున్నట్లు చెప్పాయి. ఒకే పత్రంపై అందరూ సమ్మతి తెలిపినా, అడిగేవారెవరో, ఆమోదించేవారెవరో కర్తే చెప్పేస్తోంది. ఇక కర్మ ‘ఐక్యరాజ్యసమితిలో పాత్ర’ మాత్రమే. భద్రతా మండలి ప్రస్తావన దానికి ముందున్న సంస్కరణల వాక్యంలోనే ఆగిపోయింది.

2023 జొహానెస్‌బర్గ్ ప్రకటనకు వచ్చేసరికి కర్త ‘మేము’ అయింది, మూడు దేశాల పేర్లున్న వాక్యంలోకే భద్రతా మండలి వచ్చి చేరింది. భారత విదేశాంగ విధానం దృష్టిలో ఇది చిన్న లాభం కాదు. అయినా ‘శాశ్వత సభ్యత్వం’ అన్న మాట అక్కడ లేదు, క్రియ ఇప్పటికీ ‘సమర్థించడమే’. సమర్థనకు గడువు ఉండదని గుర్తుంచుకోవాలి.

డబ్బు దగ్గర ఇంత మసక ఉండదు. 2014 జులైలో బ్రెజిల్‌లోని ఫోర్టలేజాలో ఈ అయిదు దేశాలు రెండు ఒప్పందాలు చేసుకున్నాయి. న్యూ డెవలప్‌మెంట్ బ్యాంక్‌లో తలా 1,000 కోట్ల డాలర్ల వాటా, సమానమైన ఓట్లు. అత్యవసర విదేశీ మారక నిధిలో మాత్రం మొత్తం 10,000 కోట్ల డాలర్లకు గాను చైనా 4,100 కోట్లు, బ్రెజిల్, రష్యా, భారత్ తలా 1,800 కోట్లు, దక్షిణాఫ్రికా 500 కోట్లు ఇస్తామన్నాయి. అవసరం వచ్చినప్పుడు దక్షిణాఫ్రికా తన వాటాకు రెండింతలు తీసుకోవచ్చు, చైనాకు సగమే. పైగా ఏ దేశమైనా తన పరిమితిలో 30 శాతానికి మించి తీసుకోవాలంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) రుణ కార్యక్రమంలో ఉండి తీరాలి. ఈ నిధిని ఐఎంఎఫ్‌కు ప్రత్యామ్నాయమని రాసినవారు ఈ నిబంధన దాకా చదివినట్లు లేదు.

అభ్యాసం: ఆ రెండు ప్రకటనల్లోని సంస్కరణల పేరాలను పక్కపక్కన పెట్టుకుని, కర్తకు ఒక గీత, క్రియకు రెండు గీతలు గీయండి. క్రియ పక్కన తేదీ గానీ, మొత్తం గానీ ఉంటే దాని చుట్టూ సున్నా చుట్టండి. ఆ పేజీలతోనే వచ్చే పాఠం మొదలవుతుంది.