హెచ్‌ఎం గారికి పనికొచ్చే పరిశోధన: సమస్య - పరిష్కారం

ఇది బడుల మీద పరిశోధన చేసి నివేదికలు రాసేవాళ్ల కోసం.

సమస్య: నివేదిక బడికి చేరింది, ఎవరూ తెరవలేదు.

ముందు తేదీ చూడండి. మన దగ్గర బడులు జూన్‌లో తెరుస్తారు. ఏ తరగతి ఎవరికి, టైంటేబుల్లో ఏ పీరియడ్ ఎక్కడ అన్నవి మొదటి రోజుల్లోనే తేలిపోతాయి. నవంబరులో వచ్చిన సలహా ఎంత మంచిదైనా బీరువాలోకే. ఏప్రిల్ లోపు, ఒక్క పేజీలో పంపండి. అది ఏ నిర్ణయానికి అక్కరకొస్తుందో మొదటి వాక్యంలోనే రాయండి.

సమస్య: చదివి, "అయితే నన్నేం చెయ్యమంటారు?" అన్నారు.

పైకి కనిపించే కారణం అంకె. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పల్లె ప్రాథమిక బడుల టీచర్లకు పిల్లల ఫలితాలను బట్టి బోనస్ ఇచ్చి చూశారు ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. రెండేళ్లకు భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్ (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) లాభం కనిపించిందని 2011లో ప్రచురించారు. ఈ అంకెతో హెచ్‌ఎం ఏం చేసుకుంటారు? వందలో 50 మంది కంటే ముందున్న పిల్లవాడు దాదాపు 57 మంది కంటే ముందుకొచ్చాడని చెప్పండి, సరిపోతుంది.

అసలు కారణం వేరే. బోనస్ ఇవ్వడం హెచ్‌ఎం చేతిలో లేదు. ఆయన చేతిలో ఉన్నవి పీరియడ్లు, తరగతుల సర్దుబాటు, గ్రాంటులో కొంత, తల్లిదండ్రుల సమావేశం. పరిశోధన ప్రశ్న వీటిలోంచి పుట్టాలి. అందుకే ప్రశ్న ఖరారు కాకముందే చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో కూర్చుని వినండి.

సమస్య: టీచర్లకు మార్కుల విశ్లేషణ ఇచ్చాం, చదువు మెరుగుపడలేదు.

ఆశ్చర్యపోకండి. అదే ఇద్దరు ఇక్కడే ఇదీ పరీక్షించారు. పిల్లలు ఎక్కడ వెనకబడ్డారో టీచర్లకు రాసిచ్చి, తరగతులు గమనించారు. గమనిస్తున్నప్పుడు టీచర్లు చురుగ్గా కనిపించారు, ఏడాది చివర పరీక్షల్లో మాత్రం తేడా లేదు. లోపం తెలియడం ఒకటి, దాన్ని సరిదిద్దడానికి సమయమూ మనిషీ దొరకడం ఇంకొకటి. అందుకని విశ్లేషణ పక్కనే పని కూడా రాయండి. ఐదో తరగతిలో రెండో తరగతి పాఠం చదవలేనివాళ్లు తేలారనుకోండి. స్థాయిని బట్టి వాళ్లను వేరే జట్టుగా కూర్చోబెట్టడం (ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పద్ధతి ఇదే) ఏ పీరియడ్‌లో, ఏ గదిలో, ఎవరితో?

సమస్య: "మా బడికి కుదరదు సార్."

వాదించకండి, చాలాసార్లు నిజమే. ఇద్దరే టీచర్లున్న చోట ఒకరు జట్టును పట్టుకుంటే మిగతా తరగతులన్నీ రెండోవారి మీద పడతాయి. ఆ గంటసేపు మిగతా తరగతుల పిల్లలకు ఏం పని ఇవ్వాలో కూడా మీ పేజీలో ఉండాలి.